పిప్పి పన్ను నొప్పికి యాంటీబయాటిక్ వేసుకోవాలా, వద్దా?

అడిగినవారు:
కింది దవడ పన్ను పుచ్చింది. రాత్రంతా ఒకటే సలుపు. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ మూడు రోజులు వేసుకున్నా తగ్గలేదు. బ్యాక్టీరియా మందుకు మొండికేసిందేమో! ఇంకా పవర్ ఉన్న మందు అడగనా?

మొదటి జవాబు:
మొండికేసిందని అప్పుడే తేల్చకండి. పళ్ళు పుచ్చడంలో ముఖ్యపాత్ర స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే బ్యాక్టీరియాది. అది సాధారణంగా పెన్సిలిన్‌కు, అదే కుటుంబానికి చెందిన మీ అమాక్సిసిలిన్‌కు లొంగేదే. కానీ చక్కెర దొరికితే చాలు, గ్లూకాన్ అనే జిగురు తయారుచేసుకుని పంటికి అతుక్కుంటుంది. పొద్దున లేవగానే పంటిని నాలుకతో తడిమితే మందంగా తగిలే పాచి ఉందే, అందులోనే దాని కాపురం. పాచి అడుగున బ్యాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది. పెన్సిలిన్ దెబ్బ పెరిగే కణాల మీదే బాగా పడుతుంది. అందుకే జన్యువులు మారకపోయినా అది మందును తట్టుకుంటుంది. పైగా మీ సలుపు పంటి లోపలి గుజ్జు వాచడం వల్ల కావచ్చు. ఆ వాపును తగ్గించడం యాంటీబయాటిక్ వల్ల కాదు, పన్ను తెరిచి శుభ్రం చేయాల్సిందే.

రెండో జవాబు:
నేను ఒప్పుకోను. నాకు చెంప ఉబ్బి, జ్వరమొచ్చి, నోరు తెరుచుకోనప్పుడు కాపాడింది యాంటీబయాటిక్కే. ఇలా భయపెడితే నిజంగా అవసరమైనవాళ్ళు కూడా మానేస్తారు.

మొదటి జవాబు ఇచ్చినవారు:
మీకు వేయడం సరైనదే. ఇన్ఫెక్షన్ పన్ను దాటి పాకితే మందు కావాలి, ఆలస్యం చేయకూడదు. చెంప వాపు, జ్వరం లేని పంటి నొప్పికి, చికిత్స అందుబాటులో ఉంటే, ఆరోగ్యవంతులైన పెద్దలకు యాంటీబయాటిక్ వద్దని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో చెప్పింది.

నా బాధ మిగిలిపోయిన మాత్రల గురించి. మ్యూటాన్స్ పన్ను తినేది జిగురుతో, ఆమ్లంతో. పిహెచ్ (ఎంత తగ్గితే అంత ఆమ్లం ఎక్కువ) 5.5 కంటే దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. మందును తట్టుకున్నంత మాత్రాన ఆ బలం పెరగాలని లేదు. కానీ నోట్లో వందల జాతులున్నాయి, జన్యువులు ఇచ్చిపుచ్చుకుంటాయి. మ్యూటాన్స్ అయితే పక్కవాటిని మ్యూటాసిన్లు అనే సొంత విషాలతో చంపి వాటి డీఎన్ఏ లాక్కోగలదు. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్‌కు పెన్సిలిన్‌ను తట్టుకునే జన్యువు ముక్కలు నోటి స్ట్రెప్టోకాకస్‌ల నుంచే అందాయి. మీ పంటి కోసం మింగిన మాత్ర ఇంకెవరి ఊపిరితిత్తుల దగ్గరో అక్కరకు రాకుండా పోవచ్చు.

అడిగినవారు:
వాపు, జ్వరం లేవు. రేపు పన్ను చూపిస్తాను. రూట్ కెనాల్ అంటే టెన్షన్‌గా ఉంది, మత్తు సూది పనిచేస్తుందా?

రెండో జవాబు ఇచ్చినవారు:
చేస్తుంది. గుజ్జు బాగా వాచిన కింది దవడ పన్నుకు ఒక్కోసారి రెండో సూది కూడా కావాలి. నొప్పి తెలిస్తే ఓర్చుకోకండి, వెంటనే చెయ్యెత్తండి.