దగ్గొక్కటే ఉంది, స్పైరోమెట్రీ (ఊపిరి ఊది చేసే పరీక్ష) నార్మల్: ఏ రకం?

ప్రశ్న: 8 వారాలు దాటిన పొడిదగ్గు. పిల్లికూతలు లేవు, ఎక్స్‌రే బాగానే ఉంది. కాఫ్ వేరియంట్ ఆస్తమానా (దగ్గే ముఖ్య లక్షణంగా ఉండే ఆస్తమా), ఇయోసినోఫిలిక్ బ్రాంకైటిసా (ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు చేరి శ్వాసనాళాలు వాచడం), ఎలా తేల్చాలండీ?

జవాబు 1: ముందు బీపీ మాత్ర పేరు చూడండి. రామిప్రిల్, ఎనలాప్రిల్ అయితే దగ్గు దాని పుణ్యమే కావచ్చు. అది కాకపోతే మెథాకోలిన్ పరీక్ష (శ్వాసనాళాల్ని బిగించే మందు కొద్దికొద్దిగా పీల్పించి చూడటం). మందు గాఢత 8 మి.గ్రా./మి.లీ. లోపే ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో బలంగా ఊదే గాలి) 20 శాతం పడితే కాఫ్ వేరియంట్ వైపు మొగ్గాలి. పడకుండా, కఫంలో ఇయోసినోఫిల్స్ 3 శాతం దాటితే ఇయోసినోఫిలిక్ బ్రాంకైటిస్.

జవాబు 2: సాల్బుటమాల్‌కి (శ్వాసనాళాల్ని వదులు చేసే మందు) దగ్గు తగ్గడం కాఫ్ వేరియంట్ లక్షణం, బ్రాంకైటిస్ దానికి లొంగదు. పీల్చే స్టెరాయిడ్ మాత్రం రెంటికీ పనిచేస్తుంది. అందుకే అది మొదలెట్టాక కఫం చూస్తే ఇయోసినోఫిల్స్ కనబడకపోవచ్చు, అసలు చిక్కు అదే. ఫెనో (ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ కొలత) పెరిగినా ఈ రెంటినీ విడదీయదు.

జవాబు 3: మెథాకోలిన్‌కి ముందు సాల్బుటమాల్ 6 గంటలు ఆపాలి, డాక్టర్‌కి చెప్పే. లేకుంటే ఆస్తమా ఉన్నా నెగెటివ్ రావచ్చు.