బిల్డ్ మెషిన్ల సెటప్‌ను ఆటోమేట్ చేయడం: ఆన్సిబుల్ ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న

మా బృందం ఒక సి ప్లస్ ప్లస్ ప్రాజెక్టును జెంకిన్స్‌లో (బిల్డ్‌లను ఆటోమేటిక్‌గా నడిపే సాధనం) బిల్డ్ చేస్తోంది. దానికి ఏజెంట్లుగా, అంటే బిల్డ్ పనులు చేసిపెట్టేవిగా ఉన్న నాలుగు ఉబుంటు మెషిన్లను వేర్వేరు సమయాల్లో వేర్వేరు వ్యక్తులు చేత్తోనే సెటప్ చేశారు. ఒకే కమిట్ ఒక మెషిన్‌లో పాసై, ఇంకొక మెషిన్‌లో ఫెయిలవుతోంది. పరిశీలిస్తే రెండింటిలో ఉబుంటు 22.04, మిగిలిన రెండింటిలో 20.04 ఉన్నాయి. కొత్తదానిలో బిల్డ్ అయిన ఫైలును పాతదానిలో టెస్టుకు పంపితే 'జీలిబ్‌సీ 2.34 దొరకలేదు' అన్న ఎర్రర్ వస్తోంది (జీలిబ్‌సీ అంటే ఉబుంటులో ప్రోగ్రాములు ఆధారపడే మూల సి లైబ్రరీ). ఈ మెషిన్లన్నీ ఒకేలా ఉండాలంటే ఆన్సిబుల్ ప్లేబుక్ (సెటప్ పనులను వరుసగా రాసిన ఫైలు) రాయాలా, ప్యాకర్‌తో ఇమేజ్ (అన్నీ ఇన్‌స్టాల్ చేసి ఉన్న మెషిన్ నకలు) తయారు చేయాలా, లేక బిల్డ్‌ను కంటైనర్‌లో విడిగా నడిపే డాకర్ సరిపోతుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1

ముందుగా ఆ ఎర్రర్ సంగతి. 20.04లో జీలిబ్‌సీ 2.31, 22.04లో 2.35 ఉంటాయి. పాతదానిపై బిల్డ్ చేసినది కొత్తదానిపై నడుస్తుంది గానీ, కొత్తదానిపై బిల్డ్ చేసినది పాతదానిపై నడుస్తుందన్న హామీ లేదు. కాబట్టి మీరు సపోర్ట్ చేయదలచిన వాటిలో అతి పాత వెర్షన్‌పైనే బిల్డ్ చేయండి.

సెటప్‌కు ఆన్సిబుల్‌తో మొదలుపెట్టమని నా సలహా. అవతలి మెషిన్‌లో ఎస్‌ఎస్‌హెచ్, పైథాన్ ఉంటే చాలు. ప్లేబుక్ పూర్తయ్యాక వెంటనే రెండోసారి నడిపి చూడండి. 'ఛేంజ్డ్' సంఖ్య సున్నా రాకపోతే, ఏదో టాస్క్ అవసరం లేకపోయినా ప్రతిసారీ పని చేస్తున్నట్టే. సాధారణంగా అది షెల్ మాడ్యూల్‌తో, అంటే కమాండ్‌ను నేరుగా నడిపేలా రాసిన టాస్కే అయి ఉంటుంది. కంపైలర్, సీమేక్ (బిల్డ్ సాధనం) వంటి వాటికి 'లేటెస్ట్' అని రాయకుండా వెర్షన్ నంబరు స్పష్టంగా ఇవ్వండి.

సమాధానం 2

పై సలహా మంచిదే అయినా, అది సగం పనే అని నా అభిప్రాయం. ప్లేబుక్‌లో రాసినవి మెషిన్‌లో ఉన్నాయో లేవో ఆన్సిబుల్ చూస్తుంది, రాయనివాటిని పట్టించుకోదు. గతంలో ఎవరో చేత్తో ఇన్‌స్టాల్ చేసిన లైబ్రరీ అక్కడే ఉండిపోతుంది, బిల్డ్ దానిమీద ఆధారపడుతూనే ఉంటుంది, ప్లేబుక్ మాత్రం అంతా సవ్యంగా ఉందనే చెబుతుంది. ఆ మెషిన్ పాడైన రోజున గానీ ఆ లోటు బయటపడదు.

అందుకే అదే ప్లేబుక్‌ను ప్యాకర్ చేత నడిపించి, ఖాళీ ఉబుంటు మీద ఇమేజ్ తయారు చేయించండి. ఏజెంట్లను ఆ ఇమేజ్ నుంచే పుట్టించి, పని కాగానే తీసివేయండి. ఇమేజ్‌ను క్రమం తప్పకుండా మొదటి నుంచి తిరిగి తయారు చేయడం ముఖ్యం. తయారు కాగలదన్న నమ్మకం అలా చేస్తేనే నిలుస్తుంది.

కంపైలర్, లైబ్రరీల వరకు డాకర్ చక్కగా పనికొస్తుంది, డాకర్ ఇమేజ్‌ను మారగల పేరైన ట్యాగ్‌తో కాక, దాని కంటెంట్‌ను బట్టి వచ్చే డైజెస్ట్‌తో పేర్కొంటే మరీ మంచిది. అయితే కంటైనర్ తనను నడిపే మెషిన్ (హోస్ట్) కెర్నల్‌నే, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగాన్నే వాడుకుంటుంది కనుక, కెర్నల్‌పై ఆధారపడే టెస్టులకు ఆ తేడా అలాగే మిగులుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ప్యాకర్‌తో ప్రయత్నిస్తుంటే, వీఎం (వర్చువల్ మెషిన్) బూట్ అయిన వెంటనే ప్యాకేజీల టాస్క్ కొన్నిసార్లు డీపీకేజీ లాక్ (ఒకేసారి ఒకరే ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసేలా చూసే తాళం) దొరకక ఆగిపోతోంది. అదే ప్లేబుక్ మరుసటిసారి సాఫీగా నడుస్తోంది.

సమాధానం 2 ఇచ్చినవారు

బూట్ కాగానే ఉబుంటు తనంతట తానే అప్‌డేట్లు మొదలుపెట్టి ఆ లాక్‌ను పట్టుకుంటుంది. ఆన్సిబుల్‌లో ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్ మాడ్యూల్‌లో లాక్ టైమౌట్ డిఫాల్ట్‌గా 60 సెకన్లే, దాన్ని పెంచండి. తయారైన ఇమేజ్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్లను ఆపివేసి, అప్‌డేట్లు కొత్త ఇమేజ్‌తోనే వచ్చేటట్టు చూడండి.

ఇంకొక రెండు జాగ్రత్తలు. పాస్‌వర్డ్‌లు, కీలు ఇమేజ్‌లో ఉంచవద్దు, బిల్డ్ సమయంలో జెంకిన్స్ క్రెడెన్షియల్స్ ద్వారా ఇవ్వండి. అలాగే ఇమేజ్ ముగించే ముందు మెషిన్ ఐడీ ఫైలును ఖాళీ చేయండి. లేకపోతే ఒకే ఇమేజ్ నుంచి వచ్చిన ఏజెంట్లు ఐపీ చిరునామాలు ఇచ్చే డీహెచ్‌సీపీకి ఒకే గుర్తింపు చూపించి, రెండింటికి ఒకే ఐపీ చిరునామా వచ్చే ప్రమాదం ఉంది.