ఫలక్‌నుమాలో ఒక రాత్రి ఉండాలా, భోంచేసి వచ్చేస్తే సరిపోతుందా?

గోదారిగట్టు:
డిసెంబర్‌లో అమ్మానాన్నల 40వ పెళ్లిరోజు. ఒక రాత్రి ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఉంచాలని నేనూ అన్నయ్యా అనుకుంటున్నాం. రేటు చూస్తే గుండె గుభేల్‌మంది. ఉండి వచ్చినవాళ్లు చెప్పండి, అంత పెట్టొచ్చా? అమ్మకి మోకాళ్ల నొప్పులు కూడా.

ఇంజన్‌బౌలి:
మాది ఆ కొండ కిందనే. చిన్నప్పటి సంది చూస్తున్న, లోపలికి పోయింది మాత్రం మా బావ పెళ్లయినంక, భోజనానికి. ముందే బుక్ చేసుకోకుంటే గేటు కాడనే ఆపేస్తరు. భోజనమొక్కటైతే తిన్నమా, వచ్చినమా అన్నట్లే ఉంటది. పైసలు పెట్టగలిగితే ఉండుండ్రి.

పాతపటాలు:
ఉండమనే నా మాట కూడా. గేటు దగ్గర గుర్రపు బండి ఎక్కిస్తారు. మెట్లెక్కుతుంటే పైనుంచి గులాబీ రేకులు చల్లుతారు. మా అమ్మ కొంగు నిండా రేకులే, ఒక్కటి కూడా దులపనివ్వలేదు.

కానీ అసలు విలువ సాయంత్రం ప్యాలెస్ చూపించే నడకలో ఉంది. ఆరో నిజాం దగ్గర ప్రధానిగా చేసిన, పాయిగా అనే నవాబుల వంశీయుడు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టిన ఇల్లు ఇది. కట్టేసరికి అప్పుల పాలయ్యారంటారు. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా చేతికొచ్చింది, ఆయన 1911లో కన్నుమూసింది కూడా ఇక్కడే. ఇదంతా చెప్పాక 101 మంది కూర్చునే భోజనాల బల్ల ముందు నిలబెడితే, ఆ పొడవు చూసి నాన్నకి నోట మాట రాలేదు. గైడు ఆ చివర నిలబడి మామూలు గొంతుతో మాట్లాడితే ఈ చివర మాకు స్పష్టంగా వినిపించింది.

రేపల్లె రైలు:
గదుల గురించి ముందే ఒక మాట. మనం పడుకునేది నిజాం పడుకున్న గదిలో కాదు. గదులు వెనక జనానా (అప్పట్లో ఆడవాళ్లుండే భాగం) వైపు ఉంటాయి, బాగుంటాయి, కానీ కొత్తగా తీర్చిదిద్దినవి. మాకు బుక్ చేసిన ఏజెంటు ఈ సంగతి చెప్పలేదు, నాన్న కాస్త చిన్నబుచ్చుకున్నారు. 2010లో హోటల్‌గా తెరిచేముందు ఏళ్ల తరబడి బాగుచేశారు కాబట్టి పాత వైభవమంతా ముందున్న హాళ్లలో చూడాలి. విండ్సర్ కోటలో ఉన్నదాన్ని పోలిన లైబ్రరీ ఉంది, దాని చెక్క పైకప్పు చూస్తూ మెడ నొప్పి పుట్టినా కదలబుద్ధి కాదు.

ఇంజన్‌బౌలి:
ఇంకోటి. మధ్యాహ్నమే చేరుకోండి. సాయంత్రమైతే చార్మినార్ దాటి ఇటు రావాలంటే ట్రాఫిక్‌లోనే పొద్దు గూకుతది. పొద్దున ఫజర్ నమాజు టైముకి లేచి బయట నిలబడుండ్రి. ఒక్కో మసీదు నుంచి అజాన్ లేస్తా ఉంటే ఊరంతా కింద కనబడ్తది. రాత్రి ఉండనోళ్లకి అది దొరకదు.

గోదారిగట్టు:
అందరికీ చాలా థాంక్స్. నాన్నకి చరిత్రంటే ప్రాణం, ఉండటమే ఖాయం. మరి అమ్మకి మెట్లు? పైగా మాంసం ముట్టదు.

పాతపటాలు:
బుక్ చేసేటప్పుడే మోకాళ్ల సంగతి చెప్పి కింది అంతస్తు గది అడగండి. పెళ్లిరోజని కూడా అప్పుడే చెప్పండి. భోజనానికి అక్కడి అదా అనే రెస్టారెంట్‌లో కూర్చోండి, హైదరాబాదీ వంటలు. బఘారా బైంగన్ (వంకాయ కూర) ఉంటే తప్పకుండా తెప్పించుకోండి, మా అమ్మ రెండోసారి వడ్డించుకుంది.