తెలుగు పుస్తకాల గదిని ఖాళీ చేయమంటున్నారు: ఏవి ఉంచాలి, ఏవి తీసివేయాలి?

ప్రశ్న: గ్రంథాలయ బాధ్యురాలు, పర్లాకిమిడి

నమస్కారం. నేను గజపతి జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాలలో గ్రంథాలయ బాధ్యతలు చూస్తున్నాను. మా వెనుక గదిలో ఆరు ఇనుప బీరువాల నిండా తెలుగు పుస్తకాలు ఉన్నాయి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడక ముందు కొన్నవి కొన్ని కాగా, విశ్రాంత ఉపాధ్యాయుల ఇళ్ల నుంచి విరాళంగా వచ్చినవే ఎక్కువ. కళాశాలల నాణ్యతను మదింపు చేసే నాక్ బృందం వచ్చేలోగా ఆ గదిని పఠన మందిరంగా మార్చాలని ప్రిన్సిపాల్ గారు అంటున్నారు. గత ఐదేళ్ల ఇష్యూ రిజిస్టరు తిరగేస్తే ఆ బీరువాల్లోంచి బయటికి వెళ్లినవి ఏడంటే ఏడే పుస్తకాలు. ప్రిన్సిపాల్ గారు ఈ లెక్క చూపించి, "చదివేవారు లేని పుస్తకాలకు గది ఎందుకు" అని అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. కింది అరలకు చెదలు కూడా పట్టాయి. ఏ ప్రాతిపదికన ఏరివేయాలో, అందుకు నియమాలు ఏమిటో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత గ్రంథాలయాధికారి, బరంపురం

అమ్మా, ఏరివేత గురించి చెప్పే ముందు ఒక్కటి అడుగుతాను. ఆ ఆరు బీరువాల్లోని పుస్తకాలు మీ కంప్యూటర్ కేటలాగులో ఉన్నాయా? ఉంటే ఏ లిపిలో ఉన్నాయి? తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి?

ప్రశ్న అడిగినవారు

కేటలాగులో సగానికి పైగా ఉన్నాయండీ. డేటా ఎక్కించే పని అప్పట్లో బయటివారికి ఇచ్చారు, వారికి తెలుగు రాదు. శీర్షికలన్నీ ఇంగ్లీషు అక్షరాలలోనే ఉన్నాయి. తాళాలు నా దగ్గరే ఉంటాయి, అడిగినవారికి తెరిచి ఇస్తాను.

జవాబు: విశ్రాంత గ్రంథాలయాధికారి, బరంపురం

అనుమానించినట్టే అయింది. ఏడు పుస్తకాలే వెళ్లాయన్న లెక్కను బట్టి చదివేవారు లేరని తేల్చలేము. ఆ పుస్తకాలు ఎవరికీ కనబడలేదన్నది మాత్రమే అందులో తెలుస్తుంది. తాళం వేసిన బీరువా, తప్పు అక్షరాల కేటలాగు, ఈ రెంటినీ దాటుకుని ఏడుగురు వచ్చారంటే నాకైతే అది తక్కువగా తోచడం లేదు. "చరిత్ర" అనే మాటను ఇంగ్లీషు అక్షరాలలో ఒకరు టీ తరువాత హెచ్ పెట్టి రాస్తారు, మరొకరు హెచ్ లేకుండా రాస్తారు. వెతికే విద్యార్థి రెండో రూపం కొడితే మొదటి రూపంలో ఉన్న పుస్తకం లేనట్టే. మీరు వాడేది కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ అయితే అందులో తెలుగు యూనికోడ్ ఇబ్బంది లేకుండా నడుస్తుంది. ఒక్కో పుస్తకం వివరాలు నమోదు చేసే మార్క్ రికార్డులో 245వ ఫీల్డులో ఇంగ్లీషు అక్షరాల శీర్షికను ఉంచి, 880వ ఫీల్డులో దానినే తెలుగు లిపిలో ఇవ్వవచ్చు. అప్పుడు ఎవరు ఏ లిపిలో వెతికినా పుస్తకం దొరుకుతుంది.

రెండవది, పుస్తకాల వీపున వర్గ సంఖ్యతో అంటించే స్పైన్ లేబుళ్లు చూడండి. తెలుగు రాని వ్యక్తి వర్గీకరణ చేసినచోట తెలుగు పుస్తకాలన్నిటికీ 894.827 అని అంటించేసి ఉండడం నేను చాలాసార్లు చూశాను. పుస్తకాలను విషయం వారీగా అంకెలతో వర్గీకరించే డ్యూయీ పద్ధతిలో అది తెలుగు సాహిత్యపు సంఖ్య. వరి సాగు మీద రాసిన పుస్తకం తెలుగులో ఉన్నంత మాత్రాన సాహిత్యం అయిపోదు, దాని చోటు 633.18. ఒడియా, ఇంగ్లీషు వ్యవసాయ గ్రంథాల సరసన ఉండవలసిన ఆ పుస్తకం, భాష కారణంగా నాటకాల మధ్యకు చేరి ఊపిరాడకుండా ఉంటుంది. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో చెప్పిన ఐదు సూత్రాలలో "ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు" అన్నది మనందరికీ కంఠస్థమే కానీ, పాఠకుడు తిరిగే అరలో పుస్తకం లేకపోతే ఆ సూత్రం పరీక్ష పేపరులోనే మిగిలిపోతుంది.

ఇక నియమాల మాట. కేంద్ర ప్రభుత్వపు సాధారణ ఆర్థిక నియమావళి 2017లోని 215వ నియమం ప్రకారం ఇరవై వేల సంపుటాలకు మించని గ్రంథాలయంలో ఏటా పూర్తి స్టాక్ వెరిఫికేషన్, అంటే పుస్తకాలన్నిటినీ లెక్కతో సరిచూడడం, జరగాలి. ఇచ్చిన, సంప్రదించిన ప్రతి వెయ్యి సంపుటాలకు ఐదు వరకు పోవడం సహజ నష్టంగా పరిగణించవచ్చు, అయితే అందులో నిర్లక్ష్యం, మోసం ఉండకూడదు. వెయ్యి రూపాయలకు మించిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం తప్పనిసరిగా విచారణ జరపాలి. ఈ ఐదు సంఖ్యను పట్టుకుని ఏరివేతకు కూడా వాడేవారు ఉన్నారు. అది పొరపాటు. అది పోయిన పుస్తకాల లెక్క, మనం తీసివేసే పుస్తకాలకు వర్తించదు. తొలగింపుకు గ్రంథాలయ కమిటీ తీర్మానం, పుస్తకం వారీ జాబితా, పుస్తకాలను చేరిన వరుసలో సంఖ్య వేసి రాసే యాక్సెషన్ రిజిస్టరులో ఆ పుస్తకపు సంఖ్యకు ఎదురుగా తీర్మానపు తేదీతో ఎర్ర సిరా నమోదు ఉండాలి. మీది రాష్ట్ర పరిధిలోని కళాశాల కనుక ఒడిశా ఉత్తర్వులను మీ కార్యాలయంలో విడిగా చూసుకోండి.

జవాబు: అధ్యాపకుడు, రాయగడ

పెద్దలతో కొంత విభేదిస్తున్నాను. కేటలాగు లోపం నిజమే, కానీ దానిని అడ్డు పెట్టుకుని అన్నీ ఉంచేయకూడదు. మా దగ్గర విరాళాల కట్టలు విప్పితే సగం రద్దయిన సిలబస్‌ల గైడ్లు, ఒకే పాఠ్యపుస్తకానికి తొమ్మిది ప్రతులు, అట్టలు లేని పాత వారపత్రికలు బయటపడ్డాయి. దాతలకు బీరువా మీద పేరు ఉంటే చాలు, లోపల ఏముందో వారికీ తెలియదు. ఒడియా, ఇంగ్లీషు పోటీ పరీక్షల పుస్తకాలకు మా పిల్లలు వరుస కట్టి నిలుచుంటున్నారు, వారు కూర్చోవడానికి చోటు లేదు. ఇకపై విరాళం తీసుకునేటప్పుడే "ఉంచుకోవడం, మరొకరికి ఇవ్వడం, తీసివేయడం గ్రంథాలయం నిర్ణయం" అన్న ఒక్క వాక్యం రాసిన కాగితం మీద దాత సంతకం పెట్టించుకోండి. మాకు అదే మేలు చేసింది.

జవాబు: గ్రంథాలయ సహాయకుడు, సిరోంచ (గడ్చిరోలి జిల్లా)

మా వైపు మరాఠీ మాధ్యమంలో చదివిన తెలుగు పిల్లలు తెలుగు మాట్లాడగలరు కానీ చదవలేరు. మీ వైపూ ఒడియా మాధ్యమంలో అదే పరిస్థితి అయి ఉంటుంది. అందువల్ల విద్యార్థి తన పేరున తీసుకున్నా, చదివేది ఇంట్లో తండ్రో తాతో అవుతున్నారు. గ్రంథాలయ విధానపత్రం రాసేటప్పుడు ఈ సంగతి చేర్చండి. రెండవ మాట: పర్లాకిమిడి అంటే గిడుగు రామమూర్తి పంతులు గారు సవర అనే గిరిజన భాష నేర్చుకుని, 1931లో ఆ భాష మీద గ్రంథం వెలువరించిన ఊరు. ఆ కాలపు స్థానిక ప్రచురణలు, సవరల గురించిన పుస్తకాలు, పాత జమీందారీ ముద్రలున్నవి మీ బీరువాల్లో ఉంటే, ఎవరూ ముట్టుకోకపోయినా ఏరివేత జాబితాలోకి రానివ్వకండి. రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు నిండిన రచనలకు కాపీరైటు ఉండదు కనుక, అటువంటివాటిని స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టడానికి అడ్డంకి లేదు. పంతులు గారు 1940లోనే మరణించారు.

ప్రశ్న అడిగినవారు, పది రోజుల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. మొదటి బీరువా పూర్తిగా తెరిచాను. కలరా ఉండల వాసనకు అటెండరు బయటికి వెళ్లిపోయాడు, నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. బరంపురం గారు అన్నట్టే ఎరువుల పుస్తకం మీద కూడా 894.827 అనే ఉంది. ఒక పుస్తకంలో మా ముద్ర వేసే రహస్య పేజీ (పుస్తకం మాదేనని గుర్తుగా ప్రతి పుస్తకంలో ముద్ర వేసే లోపలి పేజీ) తిప్పితే పాత సంస్థానం ముద్ర కనబడింది. దానినీ, మరో నాలుగింటినీ వేరుగా గుడ్డలో చుట్టి పెట్టాను. రాయగడ గారి మాటా నిజమే: ఆ ఒక్క బీరువాలోనే గైడ్లు, అదనపు ప్రతులు రెండు అరలు నిండాయి. వాటి జాబితా కమిటీకి పంపాను.

మిగిలినవాటిలోంచి వ్యవసాయం, వైద్యం, స్థానిక చరిత్ర పుస్తకాలు నలభై తీసి ద్వారం దగ్గరి బల్ల మీద పెట్టాను. కాశీనగరం నుంచి వచ్చే ఒక అమ్మాయి ఆ ఎరువుల పుస్తకాన్ని తండ్రి కోసం తీసుకువెళ్లింది. తనకు చదవడం రాదట, అట్ట మీది వరి కంకి బొమ్మ చూసి గుర్తు పట్టింది. ప్రిన్సిపాల్ గారికి ఇష్యూ రిజిస్టరు కొత్త పేజీ చూపించాను. గది సగం పఠన మందిరానికి, సగం బీరువాలకు అని ప్రస్తుతానికి ఒప్పుకున్నారు.

ఇప్పుడు నా ఇబ్బంది ఒక్కటే. శీర్షికలను తెలుగు లిపిలో టైపు చేయగలవారు మా కళాశాలలో నేను తప్ప లేరు.

జవాబు: విశ్రాంత గ్రంథాలయాధికారి, బరంపురం

శీర్షిక పేజీల ఫొటోలు తీసి, యాక్సెషన్ సంఖ్య కనిపించేలా పంపండి. రోజుకు ఇరవై చొప్పున నేను టైపు చేసి ఎక్సెల్ ఫైలులో తిప్పి పంపుతాను. కేటలాగులోకి ఎక్కించే ముందు ఒక్కొక్కటీ పుస్తకంతో సరిచూసుకోవడం మాత్రం మీ వంతు, నా చూపు మునుపటిలా లేదు.