వివరణ సరిదిద్దాక పాత రేటింగులు లెక్కలో ఉండాలా?

పడుగుపేక:
మాది పోచంపల్లి ఇక్కత్ నూలు చీరలను ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న వ్యాపారం. ఒక చీరకు తక్కువ రేటింగ్ ఇచ్చినవారి సమీక్షలను వరుసగా చదివితే మూడు ఫిర్యాదులే మళ్లీ మళ్లీ కనిపించాయి. పువ్వుల అంచులు అలికినట్లున్నాయని కొందరు, రెండు వైపులా ఒకేలా ఉండడంతో ఏది పైవైపో తెలియడం లేదని కొందరు, జాకెట్ ముక్క రాలేదని మరికొందరు రాశారు. మొదటి రెండూ లోపాలు కావు. నేయడానికి ముందే నూలుకు కట్లు కట్టి రంగులో ముంచుతారు కాబట్టి రంగు దారంలోనే ఉంటుంది, బట్టకు వెనకా ముందూ ఉండవు, మగ్గం మీద దారాలు వెంట్రుకవాసి జరిగినా గీత కాస్త చెదురుతుంది. మూడోది మాత్రం మా తప్పే, పొడవు 5.5 మీటర్లని, జాకెట్ ముక్క ఉండదని రాయలేదు. ఇప్పుడు అన్నీ రాశాం. అయినా పాత రేటింగే పేజీని కిందికి లాగుతోంది. వివరణ మారినప్పుడు ఆ రేటింగులను లెక్కలోంచి తీసేయడం న్యాయం కాదా?

నూలుకోక:
న్యాయం కాదనే నా అభిప్రాయం. బట్టను చేత్తో తడిమి చూసే వీలు లేని చోట, నాకంటే ముందు కొన్నవారి మాటే నాకు ఆధారం. తీసివేతకు ఒకసారి దారి తెరిస్తే, వివరణలో ఒక పదం మార్చి నూరు ఫిర్యాదులను తుడిచేసే అమ్మకందారులు పుట్టుకొస్తారు. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం వస్తువు గుణాలను తప్పుగా చూపకూడదు, ప్రకటించిన లక్షణాలు లేకపోతే వాపసు తీసుకోనని అనకూడదు. అంటే వివరణ సరిగా ఉంచడం మొదటినుంచీ అమ్మేవారి బాధ్యతే.

అట్టమీదిరాత:
నేను కొన్నేళ్లుగా ఉత్పత్తుల వివరణలు రాసే పనిలో ఉన్నాను. మీరిద్దరూ ఫిర్యాదులన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. రాతతో తీరే ఫిర్యాదు వేరు, నేతతో తీరేది వేరు. నక్షత్రాల సంఖ్య ఈ తేడాను చెప్పదు. అందుకే నేను సమీక్షలకంటే ముందు, వాపసు పంపేటప్పుడు కొన్నవారు ఎంచుకున్న కారణాలను చూస్తాను, ఎందుకంటే సమీక్ష రాయనివారు కూడా వాటిలో లెక్కకు వస్తారు.

పడుగుపేక గారూ, ఒక హెచ్చరిక. కొనేవారు అడిగిందల్లా చేయకండి. చెదిరిన గీత వద్దంటున్నారని పదునైన గీతలున్న ఫొటోలు పెడితే, ఇక్కత్ నమూనాను అచ్చువేసిన బట్టకు మీరే ప్రచారం చేసినట్లవుతుంది. పేజీ అడుగున పెట్టిన వివరణను ఫోన్‌లో ఎవరూ చదవరు. పగటి వెలుగులో కొంగును మడిచి రెండు వైపులూ కనబడేలా తీసిన ఫొటోను రెండో స్థానంలో పెట్టండి, పొడవు, జాకెట్ ముక్క సంగతి పేరులోనే చేర్చండి. రేటింగులను అలాగే ఉంచి, వివరణ ఏ తేదీన మారిందో పైన చూపితే చాలు. సమీక్షల సేకరణ, పరిశీలన, ప్రచురణలపై భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000ను స్వచ్ఛంద ప్రమాణంగా తెచ్చింది. ఇలాంటి వాదాలు వచ్చినప్పుడు అది చదవదగినది.

పడుగుపేక:
తేదీ చూపడానికి ఒప్పుకుంటాను, ఫొటో రేపే మారుస్తాను. కానీ చాలామంది సగటు అంకె చూసే పక్క పేజీకి వెళ్లిపోతారు, తేదీ దాకా రారు. కనీసం మార్పు తరువాతి సగటునైనా విడిగా చూపాలి.

నూలుకోక:
విడిగా చూపితే నాకు అభ్యంతరం లేదు, పాతది పక్కనే కనబడాలి. గీతల విషయంలో మీ చీరకు అన్యాయం జరిగిందని ఒప్పుకుంటాను. జాకెట్ ముక్క వస్తుందనుకుని పెళ్లికి రెండు రోజుల ముందు వేరే గుడ్డ కోసం తిరిగినవారికి మాత్రం, మీరు తరువాత చేర్చిన వాక్యం ఏమీ తీర్చలేదు. ఆ నక్షత్రాలు అలాగే ఉండాలి.