ఆరు నెలల ప్రోగ్రెస్ రిపోర్ట్ మీ దగ్గర ఎవరైనా చదువుతున్నారా?

గుంటమగ్గం:
వచ్చే గురువారం నాకు ఐదో ఆర్ఏసీ మీటింగ్, అదే ఆరు నెలలకోసారి మన పని చూసే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ. మంగళగిరి చేనేత కుటుంబాల ఆదాయం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను, ఎకనామిక్స్. యూనివర్సిటీ గుంటూరు, విజయవాడ చుట్టుపక్కలదే, పేరు మాత్రం అడగకండి. నిన్న రాత్రి పాత రిపోర్టులు నాలుగూ తీసి పక్కపక్కన పెట్టి చదువుకున్నాను. 'సమాచార సేకరణ కొనసాగుతోంది' అనే వాక్యం మూడింటిలో అక్షరం మారకుండా ఉంది. రాసింది నేనే. అది చూసి ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు, నాలుగింటి మీదా 'సంతృప్తికరం' అనే ఉంది. మా గైడ్ సార్ మంచివారే, కాకపోతే "ఏదో ఒకటి రాసుకుని రామ్మా, సంతకం పెట్టేస్తా" అంటారు. ఇన్నాళ్లూ అదే హాయిగా ఉండేది, ఇప్పుడు టెన్షన్‌గా ఉంది, ఎందుకంటే పని ఎంతవరకు వచ్చిందని ఎవరైనా గట్టిగా అడిగితే చెప్పడానికి నా దగ్గరే జవాబు లేదు. మీ దగ్గర ఎలా జరుగుతుందో చెప్పండి.

అరండల్‌పేట3వలైను:
ఆ 'సంతృప్తికరం' అన్న మాటను నమ్ముకోకమ్మా, నమ్మి మునిగినవాణ్ణి నేను. నాకు అలాంటివి తొమ్మిది ఉన్నాయి. ఐదో ఏడు సగంలో మా గైడ్ రిటైర్ అయ్యారు, నన్ను వేరే మేడమ్‌కి మార్చారు. ఆవిడ మొదటి రోజే "చాప్టర్లు తీసుకురండి" అన్నారు. నా దగ్గర ఉన్నది ఒకటిన్నర చాప్టర్. సంతకాలన్నీ ఉన్నాయి మేడమ్ అంటే "సంతకాలు ఉన్నాయి బాబూ, పని ఏది?" అన్నారు. ఆ మాట ఇప్పటికీ చెవిలో మోగుతూనే ఉంటుంది. యూజీసీ 2022 రూల్స్ ప్రకారం చేరిన రోజు నుంచి ఆరేళ్లు, కోర్సువర్క్ కూడా అందులోనే. ఆ తర్వాత రీ-రిజిస్ట్రేషన్ చేసుకుంటే ఇంకో రెండేళ్ల దాకా ఇవ్వొచ్చు. ఆడవాళ్లకి, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవాళ్లకి దానిమీద మరో రెండేళ్లు. నేను రీ-రిజిస్ట్రేషన్‌లో ఉన్నాను. ఫీజు నేను కట్టుకున్నా, ఇంట్లో మాటలు మా ఆవిడ పడింది.

తెనాలి_లెక్చరర్:
పార్ట్ టైమ్ వాళ్ల గోడు వేరు. జూనియర్ కాలేజీలో సెలవు పెట్టి రావాలి, వచ్చేసరికి ఒక మెంబర్ పరీక్షల డ్యూటీలో ఉంటారు, ఇంకొకరు సిలబస్ చూసే బోర్డు (బీఓఎస్) మీటింగ్‌లో, గైడ్ ఒక్కరే గదిలో ఉంటారు. మీటింగ్ జరగదు, ఫారం మాత్రం తిరుగుతుంది. మూడు సంతకాలకి మూడు రోజులు. ఒకసారి బ్రాడీపేటలో జిరాక్స్ షాపుకి వెళ్తే అతను కంప్యూటర్ తెరిచి "మేడమ్, పోయినసారి మీ ఆర్ఏసీ ఫైలు నా దగ్గరే ఉంది, తేదీ మార్చి ప్రింట్ ఇచ్చెయ్యనా?" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇచ్చెయ్యమన్నాను, అది వేరే సంగతి.

ఫెలోషిప్_ఎప్పుడో:
అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని కూర్చునే మీటింగ్ ఒక్కటే ఉంది, జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నుంచి ఎస్ఆర్ఎఫ్‌కి (సీనియర్ ఫెలోషిప్) మార్చేది. రెండేళ్లయ్యాక కమిటీ చూసి సరే అంటే నెలకి 37,000 కాస్తా 42,000 అవుతుంది. ఆ రోజు మా డిపార్ట్‌మెంట్‌లో అందరి పీపీటీలూ కొత్తవే, ఇస్త్రీ చొక్కాలే. మిగతా రోజుల్లో మాత్రం సార్ ఫోన్ చూసుకుంటూ "ఊఁ, నెక్స్ట్ స్లైడ్".

నల్లతామర:
నా పీహెచ్‌డీ వ్యవసాయంలో, మిరప మీద. మాకు అసలు ఈ ఆరు నెలల లెక్కే కుదరదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటితే కోతలు మార్చి దాకా సాగుతాయి, మధ్యలో జనవరిలో రిపోర్టు అడిగితే ఏం రాస్తాం, కాయ పచ్చిగా ఉందని రాస్తామా? దానికితోడు నేను రెండో ఏడు ప్లాట్లు వేసింది 2021లో. గుంటూరు జిల్లావాళ్లకి ఆ సీజన్ గురించి వేరే చెప్పక్కర్లేదు. పూతలో నల్ల తామర పురుగులు చేరాయి. తెల్లవారి పొలానికి వెళ్లి ఒక పూవు కోసి అరచేతిలో దులిపితే నల్లగా చుక్కలు కదిలేవి. నీలిరంగు జిగురు అట్టలు పెట్టాం, ఏ మందు కొట్టినా ఆగలేదు, పూత మొత్తం రాలింది. నా ప్రయోగం ఎరువుల మోతాదు మీద, దిగుబడి లేకపోతే ఇక పోల్చడానికి ఏముంది? రిపోర్టులో 'ప్రయోగం విఫలమైంది' అని రాస్తే సీనియర్లు వద్దన్నారు, 'ప్రతికూల వాతావరణం వల్ల ఫలితాలు పరిశీలనలో ఉన్నాయి' అని రాయమన్నారు. నేను వినలేదు. ఎన్ని పూలల్లో ఎన్ని పురుగులు లెక్కపెట్టానో ఆ నోట్‌బుక్ పేజీలు ఫొటోలు తీసి జత చేశాను. కమిటీలో ఒక పెద్దాయన చాలాసేపు చూసి, ఈ ఏడాదిని వదిలెయ్, ఇంకో సీజన్ కావాలని ఇవాళే మినిట్స్‌లో (మీటింగ్ రికార్డులో) రాయిద్దాం అన్నారు. తర్వాత నేను ఎక్స్‌టెన్షన్ అడిగినప్పుడు నన్ను గట్టెక్కించింది ఆ ఒక్క లైనే.

పేపర్_పడింది:
ఇంత గొడవ ఎందుకు, ఒక పేపర్ పబ్లిష్ చేస్తే అదే ప్రోగ్రెస్. ఎవడూ నోరెత్తడు.

అరండల్‌పేట3వలైను:
@పేపర్_పడింది తమ్ముడూ, సబ్మిషన్‌కి ముందు పేపర్ ఉండి తీరాలన్న షరతు 2016 రూల్స్‌లోది, 2022లో యూజీసీ అది తీసేసింది. కొన్ని చోట్ల యూనివర్సిటీయే అడుగుతుంది, అది మీ ఆర్డినెన్స్‌లో చూసుకో. యూజీసీ ఒప్పుకున్న జర్నల్స్ జాబితా, అదే కేర్ లిస్టు, దాన్ని కూడా 2025లో ఆపేశారు. డబ్బు కట్టి వారంలో వేయించుకున్న పేపర్‌ని వైవాలో ఎగ్జామినర్ చదివాడంటే ఇంకా ఇబ్బంది, మా బ్యాచ్‌లో ఒకడికి అదే జరిగింది.

గైడ్_కూడా_మనిషే:
గైడ్‌ని కాబట్టి అవతలి వైపు సంగతి చెప్తాను, తిట్టుకున్నా పర్లేదు. నేను అసోసియేట్ ప్రొఫెసర్‌ని, రూల్ ప్రకారం ఆరుగురు స్కాలర్ల దాకా తీసుకోవచ్చు, నాకు ఆరుగురూ ఉన్నారు. ఒక్కొక్కరికి ఏడాదికి రెండేసి, ఆరు రెళ్లు పన్నెండు మీటింగులు, అవి కాక పక్క సార్ల స్కాలర్లకి నేను మెంబర్‌ని. క్లాసులు, పేపర్ల వాల్యుయేషన్, కాలేజీకి గ్రేడ్ ఇచ్చే న్యాక్ వాళ్ల ఫైళ్లు సరేసరి. 14 పేజీల రిపోర్టు ఇస్తే నేను చదవను, ఎవరూ చదవరు. నా స్కాలర్లని మూడు గడులున్న ఒక్క పేజీ అడుగుతాను. పోయినసారి ఏం చేస్తానన్నావు, ఏం చేశావు, చేయలేకపోతే ఎందుకు. మూడో గడిలోనే అసలు విషయం ఉంటుంది.

ఇంకోటి. 'సంతృప్తికరం' అని ఎందుకు పెడతామో కూడా చెప్పాలి. 'కాదు' అని పెడితే కారణాలు రాయాలి, పిల్ల ఏడుస్తుంది, వాళ్ల నాన్న ఫోన్ చేస్తాడు, హెడ్ పిలిచి "ఎందుకండీ ఈ గొడవ" అంటారు. నిజానికి 'కాదు' అంటే ఉరిశిక్ష కాదు. కమిటీ ఏం సరిదిద్దుకోవాలో చెప్పాలి, అది కూడా చేయకపోతేనే రిజిస్ట్రేషన్ రద్దుకి సిఫార్సు చేస్తుంది, అదీ కారణాలు చూపించి. నేను సర్వీసు మొత్తంలో రెండుసార్లే 'కాదు' అని పెట్టాను. అందులో ఒకమ్మాయి ఏడాది నాతో మాట్లాడలేదు, తర్వాత సబ్మిట్ చేసింది. రెండో అతను మానేశాడు. అతని విషయంలో నేను చేసింది సరైనదేనా అని ఇప్పటికీ అనుకుంటూనే ఉంటాను.

గుంటమగ్గం:
సార్, మీరు చెప్పిన మూడో గడి రాయడానికి నిన్న సాయంత్రం కూర్చున్నాను. లేవడానికి రాత్రి ఒంటిగంట అయింది. 150 ఇళ్లు సర్వే చేస్తానని సినాప్సిస్‌లో (మొదట ఇచ్చిన పరిశోధన ప్లాన్‌లో) రాశాను. అయినవి 63. వానాకాలంలో గుంట మగ్గాల్లోకి నీళ్లొస్తే పని ఆగిపోతుంది, అప్పుడు వెళ్తే ఇంట్లో ఎవరూ మాట్లాడే మూడ్‌లో ఉండరు, అది ఒక కారణం. అసలు కారణం ఇంతవరకు ఎక్కడా రాయలేదు. నాకు ఇళ్లు చూపించేది ఒక మాస్టర్ వీవర్, అంటే వాళ్లకి నూలు ఇచ్చి కూలికి నేయించుకునే షావుకారు. ఆయన అరుగు మీద కూర్చుని ఉంటే లోపల మగ్గం మీదున్న ఆవిడ చీరకి ఎంత ఇస్తారంటే ఆయన వైపు చూసి ఒక అంకె చెప్తుంది. ఒకరోజు ఆయన టీకి వెళ్లాక అదే ఆవిడ ఇంకో అంకె చెప్పింది. అంటే ఆ 63లో ఎన్ని నిజమో నాకు తెలియదు. ఇది మీటింగ్‌లో చెప్పాలా, చెప్తే రెండున్నరేళ్లు ఏం చేశావంటారేమో.

నల్లతామర:
చెప్పు అక్కా. పురుగు పట్టిందని ముందే చెప్పెయ్.

తెనాలి_లెక్చరర్:
చెప్పేసి ఊరుకోవద్దు, మినిట్స్‌లో రాయించుకోండి. నోటిమాటలు ఆ గది గుమ్మం దాటవు. వాళ్లు రాయకపోతే సాయంత్రం మీరే గైడ్‌కి మెయిల్ పెట్టండి, 'ఈరోజు మీరు సూచించినట్టు' అని మొదలుపెట్టి.

గుంటమగ్గం:
అయింది. 40 నిమిషాలు పట్టింది, ఇంతకుముందు ఎప్పుడూ పది దాటలేదు. గైడ్ సార్ మొదట నా వైపు కోపంగానే చూశారు, ముందు ఆయనకి చెప్పకుండా అందరి ముందు పెట్టానని, అది నా తప్పే. బయటి డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చిన మేడమ్ మాత్రం ఆ రెండు అంకెల సంగతి మళ్లీ చెప్పమన్నారు. 63లో 20 ఇళ్లకి మాస్టర్ వీవర్ లేకుండా మళ్లీ వెళ్లి పోల్చాలి, శాంపిల్ 150 నుంచి 100కి తగ్గించుకోవచ్చు, వచ్చే మీటింగ్‌కి ఆ పోలిక పట్టికతో రావాలి అని రాశారు. 'సంతృప్తికరం' దగ్గర టిక్ పెట్టబోయి ఆగి, పక్కన చేత్తో 'పై సూచనలకు లోబడి' అని రాశారు. రాత్రి మెయిల్ కూడా పెట్టాను. పొద్దున్నే సార్ ఫోన్ చేసి "మెయిల్ ఎందుకమ్మా, నేనున్నాగా" అన్నారు. ఆదివారం మంగళగిరి వెళ్తున్నాను, ఈసారి ఒక్కదాన్నే.

గైడ్_కూడా_మనిషే:
సాయంత్రం పూట వెళ్లమ్మా, షావుకార్లు ఆ టైముకి కొట్లో ఉంటారు.