‘పోలార్’ను తెలుగులో ధ్రువతార అనవచ్చునా?

తిరుపతిలో పిల్లల విజ్ఞాన ప్రదర్శనకు ఖగోళ విషయాలను తెలుగులో రాస్తుండగా ఒక రకం జంట తారలకు ఇంగ్లీషులో ఉన్న ‘పోలార్’ అనే మాట దగ్గర చిక్కు వచ్చింది. నాకు అందిన చిత్తుప్రతిలో దానిని ‘ధ్రువతార’ అని రాశారు. అది సరికాదని నా అభిప్రాయం.

ఈ పేరుకు మూలం ఎ.ఎం. హెర్క్యులిస్ అనే తారల జంట. అందులో ఒకటి బలమైన అయస్కాంత క్షేత్రం గల శ్వేత కుబ్జ తార (ఇంధనం అయిపోయి కుదించుకుపోయిన తార), రెండవది చల్లని ఎర్రని చిన్న తార. దాదాపు 3 గంటల 6 నిమిషాలకు ఒక ప్రదక్షిణం పూర్తవుతుంది. ఎర్ర తార నుంచి జారిన వాయువు, ఇటువంటి ఇతర జంటలలో వలె పళ్లెంలా పరచుకోకుండా, సుమారు 1.4 కోట్ల గాస్‌ల అయస్కాంత క్షేత్రానికి లోబడి (గాస్ ఆ క్షేత్రానికి కొలమానం; మన భూమి క్షేత్రం ఒక గాస్ కూడా ఉండదు) బలరేఖల వెంటే శ్వేత కుబ్జం మీదికి దిగుతుంది. ఆ రేఖల చుట్టూ సుడి తిరిగే ఎలక్ట్రాన్లు వెలువరించే కాంతి ధ్రువణం చెంది ఉంటుంది, అంటే దాని కంపనాలు అన్ని దిశలా కాక ఒక క్రమంలో ఉంటాయి. 1976లో ఆ ధ్రువణాన్ని కొలిచిన తరువాతనే ‘పోలార్’ అన్న పేరు వచ్చింది. కనుక ఆ మాటలో ఉన్నది ధ్రువణమే.

పైగా ‘ధ్రువ’ అంటే కదలనిది, మారనిది. పెళ్లిలో వధూవరులకు ధ్రువ నక్షత్రాన్ని చూపించేది ఆ అర్థంతోనే. ఎ.ఎం. హెర్క్యులిస్ మాత్రం వెలుగు మారే చర తారగానే 1923లో మొదట గుర్తింపు పొందింది. చరమైన దానికి ధ్రువమని పేరు పెడితే చదివే పిల్లలు ఏమనుకోవాలి?

మా చర్చా బృందంలోని చిత్తూరు సభ్యులొకరి జవాబు: వాయువు పడేది అయస్కాంత ధ్రువం దగ్గరే కదండీ, ఆ లెక్కన ధ్రువతార పూర్తిగా తప్పు కాదు. అదీగాక మనం చూసే ధ్రువ నక్షత్రం వెలుగు కూడా దాదాపు 4 రోజులకొకసారి కొద్దిగా హెచ్చి తగ్గుతుంది.

రెండూ నిజమేనండి, రెండవది నాకు తట్టనే లేదు. అయినా ఉత్తరాన కనబడే ఒక నక్షత్రానికి స్థిరపడిన పేరును ఒక తరగతి మొత్తానికి అంటగడితే అయోమయమే మిగులుతుంది. ‘ధ్రువణ తార’ అందామా?

చిత్తూరు సభ్యులు: ‘తార’ అంటే ఒక్కటే స్ఫురిస్తుంది. ‘ధ్రువణ జంట’ అనండి.

బాగుంది. శ్వేత కుబ్జం తన చుట్టూ తాను తిరిగే కాలం జంట ప్రదక్షిణ కాలంతో సరిపోని మరో రకాన్ని ‘మధ్యస్థ ధ్రువణ జంట’ అనడానికీ ఇదే వీలు. ఆ మాటే రాస్తున్నాను.